సన్నబియ్యం మిగిల్చింది అద్దె తినేసింది

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ సిటీ పేజీలో మా యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ గురించి రాశారు. మెట్రో వచ్చాక ఈ ఏరియా రూపే మారిపోయిందని, కేఫులు, జిమ్ములు, కొత్త హాస్టళ్లు వచ్చాయని, ఇళ్లకి మంచి డిమాండ్ ఉందని, పెట్టుబడి పెట్టాలనుకుంటే ఇదే టైమని. పొద్దున్నే టీ తాగుతూ మా ఆయనకి చదివి వినిపించాను. అంతా విని "మరి అద్దెకుండేవాళ్ల ముక్క ఏదీ?" అన్నారు. మళ్లీ మొదటి నుంచి చూశాను, లేదు. మీరు వేసిన కేఫ్ ఫొటోలో ఓ పక్కన సగం కట్ అయిన టు-లెట్ బోర్డు ఉంది చూడండి, అది మా పక్క బిల్డింగుదే. ఆ కట్ అయిన సగం సంగతి చెబుదామనే ఈ ఉత్తరం.

మాది తణుకు వైపు. 2003లో వచ్చాం. మా ఆయన సినిమాలకి లైట్‌మన్‌గా పనిచేస్తారు, నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతాను, ఫాల్, పీకో చేస్తాను. సినిమా పని చేసేవాళ్లు కృష్ణానగర్, ఇందిరానగర్‌లోనే ఎందుకుంటారని బయటివాళ్లు అడుగుతుంటారు, స్టార్ల ఇళ్లు దగ్గరనుకుంటారో ఏమో. అదేం కాదు. షూటింగుకి కాల్‌షీట్ ఆరింటికి అంటే వ్యాన్ ఇక్కడి నుంచి ఐదింటికే బయల్దేరుతుంది. నాలుగున్నరకి వచ్చి చూడండి, చేతిలో టిఫిన్ బాక్సు, భుజాన సంచీ, సగం నిద్రలో జనం నిలబడి ఉంటారు. ఆ టైముకి అక్కడ ఉన్నవాడికే ఆ రోజు పని. రాత్రి పేకప్ ఒంటిగంటకైనా రెండింటికైనా నడిచి ఇంటికొచ్చి పడుకోవచ్చు. మాకు ఇల్లంటే ముందు ఆ నడక దూరం, తర్వాతే గోడలూ కప్పూ.

ఇంకో మాట. జూబ్లీహిల్స్ నియోజకవర్గం అనగానే అందరికీ పెద్ద పెద్ద గేట్లు, కుక్కలున్నాయి జాగ్రత్త బోర్డులు గుర్తొస్తాయి. అసలు ఆ నియోజకవర్గంలో ఎక్కువమంది ఉండేది యూసుఫ్‌గూడ, రహమత్‌నగర్, బోరబండ, ఎర్రగడ్డ బస్తీల్లోనే. 2025 నవంబర్‌లో ఉప ఎన్నిక వచ్చినప్పుడు మా సందులోకి ఎంతమంది వచ్చారో, ఎన్ని దండాలు పెట్టారో! నీళ్లు అడిగారు, డ్రైనేజీ అడిగారు, పెన్షన్ వస్తోందా అని అడిగారు. అద్దె ఎంత కడుతున్నావమ్మా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

మేం చేరినప్పుడు ఒక గది, వంటగదికి 1,200. బాత్రూమ్ బయట, రెండు పోర్షన్లకి ఒకటే. తర్వాత ఇప్పుడున్న ఇంటికి మారాం, 2012లో 4,500. 140 గజాల్లో కట్టిన ఇల్లు, పైన రెండంతస్తులు, మొత్తం ఆరు పోర్షన్లు. అప్పట్లో ఏడాదికి రెండు వందలో మూడు వందలో పెంచేవారు, అది కూడా ఓనరు గారి ఇంటి ఆంటీ వచ్చి, కూర్చుని, మా పిల్లల చదువులు అడిగి, వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి మొహమాటంగా చెప్పేవారు. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో మొదలైంది. ఆ ఏడాదే మా అద్దె 8,000 అయింది. కరోనాలో పాపం ఓనరు గారే రెండు నెలలు సగం తీసుకున్నారు, ఆ మేలు మరిచిపోను. ఆ తర్వాత మాత్రం ఇక ఆగలేదు. ఇప్పుడు 14,000. వచ్చే అగ్రిమెంట్ నుంచి 18,000 అంటున్నారు, కాదంటే ఖాళీ చేయమంటున్నారు. ఇప్పుడు మొహమాటాలు లేవు, వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది, కింద దండం బొమ్మ.

మా లైన్‌లో మెట్రో చివరి స్టేషన్ రాయదుర్గం. అక్కడ 2025 అక్టోబర్‌లో ప్రభుత్వ భూమి వేలం వేస్తే ఎకరం 177 కోట్లు పలికింది. అంటే గజం మూడున్నర లక్షల పైమాటే. రాయదుర్గం ఎక్కడ, మా సందు ఎక్కడ, ఆటో తిరగాలంటే రివర్స్ చేసుకోవాల్సిన సందు మాది. కానీ ఆ వార్త వచ్చిన వారం మా ఓనరు గారి నడకే మారింది. కింద కుర్చీ వేసుకుని పేపరు పట్టుకుని వచ్చే పోయే వాళ్లందరికీ చెప్పారు, "చూశావా, గజం మూడున్నర లక్షలు" అని. వేలంపాట పాడింది ఎవరో బిల్డరు, దాని బిల్లు కొద్ది కొద్దిగా మాలాంటివాళ్ల అద్దెల్లో పడుతుంది.

ఆయన్ని తిట్టడానికి రాయట్లేదు. ఆయన లెక్క ఆయనది, నాకు కాగితం మీద వేసి మరీ చూపించారు. మా పోర్షన్ లాంటిదే పక్క బిల్డింగులో హాస్టల్ చేశారు. ముందు గదిలో మూడు మంచాలు, మేం వంటగది అనుకునే దాంట్లో ఒక మంచం. మంచానికి 7,500 చొప్పున నాలుగు మంచాలకి ముప్పై వేలు. "నువ్విచ్చే పద్నాలుగు నేను చూసుకుంటూ కూర్చోవాలా అమ్మా, చెప్పు" అన్నారు. నాకు జవాబు దొరకలేదు. వంటగదిలో మంచం వేయగానే ఇల్లు రెండింతలు సంపాదిస్తుందంటే ఎవరు మాత్రం వంటగది ఉంచుతారు? మా సందులో పదకొండు బిల్డింగులుంటే అయిదు ఇప్పటికే హాస్టళ్లు. టు-లెట్ బోర్డుల మీద ఇదివరకు సున్నంతో "చిన్న ఫ్యామిలీకి మాత్రమే" అని రాసేవారు. అప్పుడు ఇద్దరు పిల్లలుంటే చిన్న ఫ్యామిలీయా పెద్ద ఫ్యామిలీయా అని భయపడేవాళ్లం. ఇప్పుడు ఫ్లెక్సీ మీద స్కానర్ బొమ్మ, ఏసీ, వైఫై, మూడు పూటలా భోజనం. ఫ్యామిలీ అన్న మాటే లేదు.

అద్దె ఒక్కటే అయితే ఎలాగో సర్దుకుందుము. దానికి తోకలు ఉంటాయి కదా. మెయింటెనెన్స్ అని వెయ్యి. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. పక్క హాస్టల్‌లో అరవై మంది, వాళ్ల మోటరు ఆన్ చేస్తే మా నల్లా దారంలాగా సన్నబడిపోతుంది. ఎండాకాలం బోరు కూడా ఎండితే ట్యాంకరు, ఆ డబ్బు ఆరు పోర్షన్లకి పంచుతారు. నగరంలో నెలకి 20,000 లీటర్లు ఉచితం అని పథకం ఉంది, మంచిదే, అది ఓనరు బిల్లులో ఉంటుంది, మా బిల్లులో ట్యాంకరు ఉంటుంది. కరెంటు సంగతీ అంతే. 2024 నుంచి 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు. అద్దెకున్నవాళ్లకీ వర్తిస్తుందన్నారు, నేను కూడా వెళ్లి అప్లై చేద్దామనుకున్నాను. మీటరు నంబరు కావాలట. మా ఆరు పోర్షన్లకి మీటర్లు రెండే, మిగతావన్నీ సబ్ మీటర్లు. యూనిట్‌కి పది రూపాయల చొప్పున ఓనరు గారికే కడతాం. నేను మిషన్ కుడతాను కాబట్టి నాకు ఇంకో రెండు వందలు ఎక్స్‌ట్రా, అదేం లెక్కో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడు బియ్యం గురించి చెప్తాను, ఈ ఉత్తరం రాయాలని మొదట అనిపించింది అక్కడే. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. నలుగురం, 24 కిలోలు. ఈ విషయంలో ప్రభుత్వానికి నిజంగా దణ్ణం పెట్టాలి, అన్నం తినగలిగేలా ఉంది, దొడ్డు బియ్యంలా అమ్ముకోవాల్సిన పని లేదు. బయట కొనే ఖర్చులో నాకు పదమూడు వందల దాకా మిగిలింది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఫ్రీ కదా, జనరల్ బజార్‌కి లైనింగ్ గుడ్డలకీ దారాలకీ వెళ్తుంటాను, అందులో ఓ మూడు వందలు. మొత్తం పదహారు వందలు మిగిలాయని సంబరపడి చీటీ వేశాను. సరిగ్గా రెండు నెలలకి అద్దె పదిహేను వందలు పెరిగింది. చీటీ మానేశాను. నేను పెద్దగా చదువుకోలేదు, కానీ ఈ లెక్క అర్థం కావడానికి చదువక్కర్లేదు. బియ్యం ఇచ్చింది నాకు, చివరికి చేరింది మా ఓనరు గారికి. ఏ పార్టీ వచ్చి ఏం ఫ్రీగా ఇచ్చినా అది మా చేతిలో రెండు నెలలు ఉంటుంది, మూడో నెల అద్దెలోకి పోతుంది.

సంపాదనా పెరుగుతోంది కదా అంటారేమో. సినిమా కార్మికులు 2025 ఆగస్టులో సమ్మె చేశారు, మీ పేపర్లో కూడా వచ్చింది. 30 శాతం అడిగారు. 18 రోజులు షూటింగులు ఆగిపోయాయి. చివరికి రోజుకి రెండు వేల లోపు వేతనం ఉన్నవాళ్లకి మూడేళ్లలో 22.5 శాతం అని ఒప్పందం, అందులో మొదటి ఏడాది 15 శాతం. ఆ 18 రోజులూ మా ఇంట్లో నా మిషన్ ఒక్కటే నడిచింది. పద్దెనిమిది రోజులు పస్తులుంటే పదిహేను శాతం వచ్చింది, ఇప్పుడు ఓనరు గారు అడిగే పెంపు లెక్కేయండి, పద్నాలుగు మీద నాలుగు వేలు, ఇరవై ఎనిమిది శాతం పైనే. ఆయన ఏ సమ్మే చేయలేదు, ఒక మెసేజ్ పెట్టారు. పైగా మా ఆయనకి పని రోజులు ముప్పైకి ముప్పై ఉండవు. పన్నెండు రోజులుంటే మంచి నెల.

నా కుట్టు సంగతికొస్తే, లైనింగ్ బ్లౌజుకి 450 తీసుకుంటాను. మెట్రో స్టేషన్ వైపు కొత్తగా పెట్టిన బొటిక్‌లో రెండు వేల నుంచి మొదలు. నువ్వూ పెంచొచ్చు కదా అంటుంది మా అమ్మాయి. పెంచితే ఇచ్చేవాళ్లు ఎవరు? నా దగ్గర కుట్టించుకునేది ఈ సందుల్లో ఉండే ఆడవాళ్లే, జూనియర్ ఆర్టిస్టులు, ఇళ్లలో పనిచేసేవాళ్లు, పోలీసు బెటాలియన్ దగ్గర కూరలమ్మే ఆవిడ. వాళ్లలో సగం మంది బోరబండ అవతలికీ, జగద్గిరిగుట్టకీ వెళ్లిపోయారు. కొలత జాకెట్లు మాత్రం ఇంకా నా దగ్గరే ఉన్నాయి, సంచీలో మడతపెట్టి, ఒక్కోదానికీ పేరు రాసిన చీటీ పిన్ను పెట్టి. పండక్కి వస్తానంటారు. రెండు బస్సులు మారి ఒక జాకెట్ కోసం ఎవరొస్తారు? ఈ సంక్రాంతికి పద్నాలుగు కుట్టాను. రెండేళ్ల కింద నలభై దాటేవి.

హాస్టల్ పిల్లల మీద నాకేం కోపం లేదు. ఆ మాట కచ్చితంగా వేయండి. మా పిల్లల వయసువాళ్లే, నాలుగు మంచాల మధ్యలో సూట్‌కేసు పెట్టుకుని వాళ్లూ ఇబ్బందే పడుతున్నారు. జీన్స్ కింద మడత వేయించుకోవడానికి వస్తుంటారు, అరవై అంటే వంద ఫోన్‌పే చేసి వెళ్లిపోతారు. ఒక పాప, అనంతపురం నుంచి వచ్చిందట, మా వంటింటి వాసనకి అలా గుమ్మంలో నిలబడిపోయింది, ముద్దపప్పు ఆవకాయ పెట్టాను. అందరం అద్దె కట్టేవాళ్లమే, వాళ్లకీ నాకూ పేచీ ఏముంటుంది?

కిరాణా కొట్టు మూతపడటం మాత్రం నాకు అద్దె కంటే ఎక్కువ బాధనిపించింది. సందు మొదట్లో ఉండేది, ఇరవై ఏళ్లు అక్కడే సరుకులు తెచ్చాం. పది రూపాయలకి కాఫీ పొడి, అయిదు రూపాయలకి ఇంగువ, సగం కొబ్బరికాయ, లూజు నూనె. షూటింగు లేని నెలల్లో ఆ అన్న ఖాతా పుస్తకం తీసేవాడు, అట్ట చిరిగిపోయి తాడుతో కట్టిన పుస్తకం, మా పేజీ మీద "లైటాయన" అని రాసుకున్నాడు. కొట్టు అద్దె 12,000 నుంచి 30,000 అడిగారట. ఇప్పుడక్కడ పది నిమిషాల్లో సరుకులు తెచ్చిచ్చే కంపెనీ గోడౌన్ ఉంది, షట్టరు సగం దించి ఉంటుంది, లోపలికి కస్టమర్లు వెళ్లకూడదు. బయట కుర్రాళ్లు బళ్ల మీద ఫోన్లు చూస్తూ కూర్చుంటారు. యాప్‌లో పది రూపాయల కాఫీ పొడి ఒక్కటే తెప్పించుకుంటే డెలివరీ ఛార్జీ దాన్ని మించిపోతుంది, అందుకని అవసరం లేనివి నాలుగు కలిపి ఆర్డరు పెట్టాలి. మూసేసే రోజు ఆ అన్న మా పేజీ చింపి చేతికిచ్చాడు. 2,340 బాకీ. "ఉన్నప్పుడు ఇవ్వు వదినా" అన్నాడు. ఇంకా 800 ఇవ్వాలి.

కూరల బండ్లూ అంతే. మెయిన్ రోడ్డు మీద వరసగా ఉండేవి, ట్రాఫిక్ అని ఒకరోజు పొద్దున్నే ఎత్తుకుపోయారు. వీధి వ్యాపారులకి 2014లోనే కేంద్రం చట్టం చేసింది, బండ్లు ఎక్కడ పెట్టుకోవాలో తేల్చే కమిటీలో నలభై శాతం వాళ్ల మనుషులే ఉండాలట. మా కూరలావిడకి గుర్తింపు కార్డు కూడా ఉంది. కార్డు ఉంది, చోటు లేదు. ఇప్పుడు నేను వారానికోసారి ఎర్రగడ్డ రైతు బజారుకి వెళ్తున్నాను, బస్సు ఫ్రీ కాబట్టి. మా ఆయన వస్తే ఆయనకి టికెట్టు, అది కూడా 2025 అక్టోబర్ నుంచి స్టేజీని బట్టి అయిదో పదో పెరిగింది. మెట్రో మాట ఎత్తకండి, ఆ ఏడాది మే నెలలోనే ఎక్కువలో ఎక్కువ టికెట్టు 60 నుంచి 75 చేసి, గోల అయ్యాక తగ్గించి 69 చేశారు. మా కోసమే వచ్చిందన్న మెట్రోని మేం కింద నుంచి చూస్తుంటాం.

మరి వేరే ఏరియాకి మారొచ్చు కదా అంటారు చాలామంది, సలహా ఇవ్వడానికి డబ్బులు ఖర్చవవు కదా. మొన్న బోరబండ అవతల రెండు ఇళ్లు చూసొచ్చాను. అక్కడా 10,000, మూడు నెలల అడ్వాన్సు. ఒకాయన "మిషన్ పెడతానంటే కుదరదు, శబ్దం" అన్నాడు. ఇంకొకాయన మా ఆయన సినిమాల్లో చేస్తారనగానే "అర్ధరాత్రి రాకపోకలు మాకు పడవు" అన్నాడు. సరే, ఎలాగో దొరికిందే అనుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి అక్కడి నుంచి ఈయన ఎలా వస్తారు? ఆ టైముకి బస్సు ఉండదు. ఆటో అయితే రెండు వందలు, రాత్రి మళ్లీ రెండు వందలు. అద్దెలో మిగిలింది ఆటోకి ఇవ్వాలి, లేదంటే పని పోగొట్టుకోవాలి.

నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఒక లాయరమ్మ ఉన్నారు. అద్దెలకి చట్టం లేదా అని అడిగాను. ఉందట, 1960 నాటిది, అద్దె ఇష్టమొచ్చినట్టు పెంచకుండా, ఖాళీ చేయించకుండా కాపాడేదే. అబ్బా అనుకున్నాను. "ఆగు, 2005లో మార్చారు, కార్పొరేషన్ పరిధిలో నెలకి 3,500 దాటిన అద్దెకి అది వర్తించదు" అన్నారు. హైదరాబాద్‌లో ఇప్పుడు 3,500కి బైకు పెట్టుకునే జాగా వస్తుందేమో, ఇల్లయితే రాదు. అంటే చట్టం ఉంది, అందులోకి వచ్చే ఇల్లే లేదు. 2021లో కేంద్రం కొత్తగా ఒక నమూనా చట్టం ఇచ్చిందట, రెండు నెలల అద్దె కంటే ఎక్కువ అడ్వాన్సు తీసుకోకూడదు, అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి అని. కాకపోతే రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే పనికొస్తుంది. అందాకా మాకు 11 నెలల అగ్రిమెంటే గతి. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి పదకొండుకే ఆపుతారు. ప్రతి పదకొండు నెలలకీ ఒకసారి మా గుండెలో దడ. అద్దె కట్టినట్టు రసీదు అడిగితే "నమ్మకం లేదా అమ్మా" అంటారు.

అద్దెలన్నీ తగ్గించేయమని నేను అడగడం లేదు, ఓనర్లకీ ఖర్చులున్నాయి, పన్నులు కడతారు. ఆ 3,500 అన్న అంకె ఒకటి ఈ కాలానికి తగ్గట్టు మార్చమంటున్నాను. సబ్ మీటరు ఉన్న ఇంటికి జీరో బిల్లు ఎలా అందాలో ఒక దారి చూపించమంటున్నాను. హాస్టల్‌కి పర్మిషన్ ఇచ్చేటప్పుడు అరవై మందికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో అడగమంటున్నాను. మీరు కూడా ఈసారి మా ఏరియా గురించి రాసేటప్పుడు రియల్ ఎస్టేట్ వాళ్లతో పాటు మా దగ్గరికి ఒక మనిషిని పంపండి. సాయంత్రం కాదు, తెల్లవారుజామున నాలుగున్నరకి. వ్యాన్ కోసం నిలబడ్డవాళ్లని ఒక్కొక్కర్నీ అద్దె ఎంత అని అడిగితే చాలు, ఒక పేజీ నిండుతుంది.

ఉత్తరం వేస్తే నా పేరు, ఇంటి నంబరు దయచేసి వేయకండి. అగ్రిమెంట్ ఇంకా రెండు నెలలుంది, మా ఓనరు గారూ మీ పేపరే చదువుతారు. ఆయన చదివేశాక మధ్యాహ్నం దాన్నే నేను తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
యూసుఫ్‌గూడ, హైదరాబాద్